రోహిణిలో పెట్టాల్సిన దుంపలు

ముందు నా సంగతి చెప్పేస్తాను, లేకపోతే మిగతాది చెప్పడానికి నోరు తిరగదు. నేను డిగ్రీ పాసయ్యాను. అరవై దాటి చాలా ఏళ్ళయిన మనిషిని. మోకాళ్ళ నొప్పులతో పరీక్ష హాలు మెట్లెక్కి, పక్క బల్ల మీద మనవడి ఈడు కుర్రాడు నా వంక బిత్తరపోయి చూస్తుంటే మూడేళ్ళు రాసి బి.ఏ. పాసయ్యాను. మా పుట్టింట్లో గాని, అత్తింట్లో గాని, నా కడుపున పుట్టినవాళ్ళలో గాని డిగ్రీ చదివినవాళ్ళు లేరు. నేనే మొదలు. మా అబ్బాయి లారీ తోలుతాడు. ఫోన్లో నా హాల్ టికెట్ నంబరు మూడుసార్లు చదువుకుని, నిజమేనని నమ్మకం కుదిరాక, బండి తాళాలు అక్కడే పడేసి పాలకోవా తేవడానికి పరిగెత్తాడు.

ఆ కోవా పట్టుకుని వీధంతా తిరిగాను. నాలుగో ఇంట్లో కొత్తగా అద్దెకి దిగిన అమ్మాయి ఉంది. నా సంగతి విని మురిసిపోయి, ఆంటీ మీరు పల్లెటూరివాళ్ళు కదా, ఒకటి చెప్పండి అంటూ లోపల్నించి ఒక వల సంచీ తెచ్చింది. ఫోన్లో ఆర్డరిస్తే వచ్చాయట. అందులో లిల్లీ దుంపలు. ఇవి ఎప్పుడు పాతాలి అని అడిగింది.

మూడేళ్ళుగా నన్నడిగిన ప్రశ్నలన్నింటిలోకీ నాకు బాగా తెలిసిన జవాబు అదొక్కటే. కాని సంచీలోంచి ఎండుమట్టి వాసన రాగానే ఆ జవాబు చెప్పలేకపోయాను. మళ్ళీ వచ్చి చెప్తానమ్మా అని కోవా ఆమె చేతిలో పెట్టి ఇంటికొచ్చి కూర్చున్నాను.

మా ఊరు అరసవల్లికి రెండు మైళ్ళు, కాలవ కింద. వరి మడులు, గట్టు మీద చోడి, అంటే రాగి చేలు. పొద్దున్నే చోడంబలి, నంజుకోడానికి ఉల్లిపాయో కాల్చిన ఎండుచేపో. బడిలో మాకు పాలపొడి కలిపిన పాలు, గోధుమ రవ్వ ఉప్మా పెట్టే రోజులు. ఆ ఉప్మా కోసం బడికెళ్ళేవాళ్ళే ఎక్కువ. నేను మాత్రం చదువు కోసమే వెళ్ళేదాన్ని. ఆ వేసవిలో ఐదో క్లాసు పాసయ్యాను. నన్ను ఆలస్యంగా బడిలో వేశారు కాబట్టి అప్పటికి నాకు పన్నెండు నిండాయి. ఆరో క్లాసు శ్రీకాకుళం పెద్దబడిలో. పంపించమని అయ్యని పట్టుకుని వేలాడితే, పెద్దమనిషయ్యేదాకా చదువుకోనీ అన్నాడు. ఆ మాటలో ఉన్న గడువు నాకు బాగా అర్థమైంది. పక్కింటి నా స్నేహితురాల్ని తాటాకుల మీద కూర్చోబెట్టిన రోజే దాని పలక పెట్టెలోకి పోయింది. మళ్ళీ బయటికి రాలేదు.

ఆ వేసవిలోనే అన్నకి పెళ్ళయింది. వదిన రామతీర్థం అవతల పల్లె పిల్ల. వాళ్ళది పూలు పండించే ఇల్లు. సారెలో అందరు కోడళ్ళలాగే చలిమిడి, అరిసెలు, పసుపు కుంకాలు తెచ్చింది. వాటితోపాటు గోనెపట్టా కప్పిన ఒక గంప దింపింది. పట్టా తీస్తే దుంపలు. ఉల్లిపాయలు సారె తెచ్చిన కోడల్ని ఎక్కడా చూడలేదని ఆడవాళ్ళంతా పడీపడీ నవ్వారు. అవి నేలసంపెంగ దుంపలు. ఇప్పుడు బజార్లో లిల్లీ పూలని అమ్ముతున్నారే, అవే. నేను నిజంగానే ఉల్లిపాయనుకుని ఒకటి దొంగిలించి, పశువుల కొట్టం వెనక్కి పోయి అంబలిలో కొరుక్కున్నాను. నాలుక మండిపోయింది. ఉమ్ముకుంటూ వస్తుంటే వదిన చూసి, ఎవరికీ చెప్పకుండా బెల్లం ముక్క నా నోట్లో పెట్టింది. మా ఇద్దరికీ అలా కుదిరింది.

ఆమెకి పద్దెనిమిదేళ్ళుంటాయేమో. మంచం కింద ఇసక పోసి, ఆ దుంపల్ని ఒకదానికొకటి తగలకుండా పరిచింది. రోజూ వంగి చూసుకునేది. కొన్ని దుంపల్ని పక్కకి తీసేసేది. ఒకసారి పూసిన దుంప మళ్ళీ పుయ్యదట, దాని పక్కన పుట్టిన పిల్లలే పూస్తాయట. మధ్యాహ్నాలు మేమిద్దరం ఆ మంచం మీద పడుకుంటే కింద నించి పొడి మట్టి వాసన వచ్చేది. బయట తాటిముంజల బండి కేక, లోపల మామిడి తాండ్ర చాప మీద ఈగల రొద. ఆమె చెవిలో చెప్పినట్టు నాకు పూల సంగతులు చెప్పేది.

దుంపలు ఎప్పుడు పెట్టాలన్న దగ్గర తగువొచ్చింది. తగువంటే తగువు కాదు. వదిన ఒక్కసారే చెప్పింది. రోహిణి కార్తె ఆఖర్న, వాన పడకముందే పెట్టాలంది. మట్టి ఎత్తుగా ఎగదోసి బోదెలు కట్టి, వాటి మీద పెట్టి, సాయంత్రాలు చెంబుతో నీళ్ళు పోసుకోవాలి. వానొచ్చేసరికి వేరు పట్టి ఉంటే దానికి భయం లేదు. వేరు లేని దుంప నీటిలో నానితే కుళ్ళుతుంది.

నాయనమ్మ అంబలి గిన్నె కింద పెట్టి ఆమె వైపు తిరిగింది. ముసలామె ఎడమ కన్ను అప్పటికే పాలు పోసినట్టు తెల్లబడింది. రెండోది కూడా మసకేస్తోంది. ఆ కన్ను కోసం, కొత్త కోడలి చేతి దుంపలు పూస్తే మొదటి కాడలు ఆదివారం నాడు అరసవల్లి దేవుడికి ఇస్తానని మొక్కేసింది కూడా.

"ఏరువాక రాకుండా నేలకి ఇత్తనం ఎవలేస్తారే? మీ ఊర్లో ఏస్తారేమో. ఈ ఇంట్ల ఏరు."

వదిన తల దించుకుంది. అంతే తగువు.

ఏరువాక పున్నమికి రెండ్రోజుల ముందే వాన మొదలైంది. మడులన్నీ నిండాయి. మావాళ్ళ ముఖాలు వెలిగిపోయాయి. వరి పండించేవాళ్ళకి మడిలో నీరు నిలబడ్డం కన్నా శుభం ఏముంటుంది. అయ్య నారుమడి పక్కన ఒక నేల చెక్క దున్ని, చదును చేసి, చుట్టూ గట్టు వేసి, నీరు కదలకుండా కట్టి, ఎంత బాగా తయారుచేశానో చూడమని కోడల్ని పిలిచి మరీ చూపించాడు. ఆమె కాలి బొటనవేలు బురదలోకి దించి, ఎంత లోతు దిగుతుందో చూసి, మళ్ళీ పైకి తీసుకుంది.

పున్నమి పొద్దున ఎద్దుల్ని కడిగి కొమ్ములకి రంగులు పూశారు. మా ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. కొత్త పంట ఏది వేసినా మొదటి విత్తనం ఈడేరని పిల్ల చేతి మీదుగా పడాలి. ఆ ఏడు ఆ పిల్లని నేను. నాయనమ్మ తెల్లారకుండానే లేపి నా కాళ్ళకి పసుపు రాసింది. స్నానానికని దొడ్లోకి పోయి చూసుకుంటే లంగాకి మరక.

నాకు తెలియక కాదు. తెలుసు. నాకు కనిపించింది మరక కాదు, పెట్టెలోకి పోయే పలక. పెద్దబడిలో పేరు రాయించడానికి ఎల్లుండి వెళ్ళాలి. అయ్య పాత పంచె పీలిక చింపుకుని, లంగా మార్చుకుని, నోరు మూసుకుని మడి గట్టు మీదికి వెళ్ళాను. ముట్టుతో ఉన్న ఆడది పూలమడిలో అడుగు పెట్టకూడదని, తమలపాకు తోట వైపు కూడా వెళ్ళకూడదని, పెడితే తీగ మాడిపోతుందని పుట్టిందగ్గర్నించీ విన్నదాన్ని. అందులోనూ దేవుడికి మొక్కిన పూలు. మడిలో కాలు పెట్టేముందు దేవుడా నాకు తెలీదనుకో అని దండం పెట్టుకున్నాను.

వదిన గంప పట్టుకుని ఒక్కొక్క దుంప అందిస్తోంది. నేను వంగి జానెడు దూరంలో ఒకటి గుచ్చుతున్నాను. సగం వరస అయ్యాక వెనక నించి దోసెడు బురద వచ్చి నా లంగా మీద పడింది. తిరిగి చూస్తే వదిన నవ్వుతోంది. ఇంకో దోసెడు కొట్టింది. గట్టు మీద అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చి నేనూ కొట్టాను. కోడలు పిల్లకి పెళ్ళయినా ఆటలు పోలేదని అమ్మ విసుక్కుంది. లంగా అంతా బురదే కాబట్టి నేను అలాగే కాలవలో దిగి స్నానం చేసేశాను.

మర్నాడు కాక ఆ మర్నాడు పెద్దబడిలో నా పేరు ఎక్కింది.

వాన వారం రోజులు విడవలేదు. వరి నారు పచ్చగా లేచింది. పక్క చెక్కలో నేలసంపెంగలు కూడా చిటికెన వేలంత మొలకలు చూపించి, అక్కడే ఆగి, పసుపు తిరిగాయి. నేను బడి నించి వస్తూ రోజూ ఆ గట్టు మీద నిలబడేదాన్ని. ఒకరోజు వాసన వచ్చింది. తీపిగా, మురిగిన పండులా. నాయనమ్మకి కన్ను మసకైనా ముక్కు బాగా పనిచేసేది. గట్టు దిగి, చేత్తో తడిమి, ఒక మొలక పట్టుకుని లాగింది. మొలక చేతికొచ్చింది. దుంప రాలేదు. వేళ్ళు లోపలికి పెట్టి తీస్తే గుజ్జు.

ఆమె అరవలేదు. చెయ్యి కడుక్కుని వచ్చి అరుగు మీద కూర్చుని, ఎవరో బయటుండి మడిలో దిగారని మాత్రం అంది. తర్వాత వేళ్ళ మీద లెక్క పెట్టడం మొదలెట్టింది. అమ్మ ఎప్పుడు బయట చేరింది, వదిన ఎప్పుడు చేరింది. వదినకి పున్నమికి ముందే నాలుగు రోజులూ అయిపోయాయి, తలకి పోసుకుంది. కాని నాయనమ్మ లెక్కలో ఒక రోజు తక్కువొచ్చింది. ఆ ఒక్క రోజే చాలు.

ఆ రాత్రి నాకు అన్నం దిగలేదు. తెల్లారి వదిన కాలవకి బట్టలు తీసుకెళ్తుంటే వెనకే పరిగెత్తాను. బండ మీద ఆమె పక్కన కూర్చుని, ఏడుస్తూ, మొత్తం చెప్పేశాను. ఆమె చీర పిండడం ఆపలేదు.

"బురదెందుకు కొట్టేననుకున్నావు?" అంది.

నేను ఏడుపు ఆపి ముక్కు తుడుచుకున్నాను.

"దుంపలు నీ వొల్ల కుళ్ళనేదు. నీరు నిలిసి కుళ్ళినాయి. మా ఊర్ల నాను బయటున్నప్పుడు కూడా పెట్టినాను, మాయమ్మకి సెప్పకుండా. సుబ్బరంగా పూసినాయి."

అయితే ఆ మాటే నాయనమ్మకి చెప్పమన్నాను. వచ్చి రెండు నెల్లు కాలేదు, మీ పెద్దోళ్ళకి మడి కట్టడం తెలీదని ఎలా చెప్పనంది. పోనీ నేను చెప్పేస్తానన్నాను. అప్పుడు చీర బండ మీద పెట్టి నా వైపు చూసింది.

"నువ్వు సెప్తే నీ బడి పోతాది. నాను ఊరుకుంటే ఏటి పోతాది? నాలుగు మాటలు. ఎలాగూ ఆషాడం వస్తంది, పుట్టింటికెల్తాను, వొచ్చేసరికి మరిసిపోతారు. నోరు ముయ్యి, గుంటా."

నేను నోరు మూశాను. ఇప్పుడు ఎంత వెతికినా, ఆ క్షణంలో నాకు కలిగింది బాధ అని రాయలేను. ప్రాణం కుదుటపడింది. ఆకలేసింది.

ఆ సాయంత్రం అరుగు మీద అందరూ చేరారు. నాయనమ్మ అడిగింది. అమ్మ అడిగింది. అయ్య, నిజం చెప్తే ఏమీ అనం అన్నాడు. అన్న గుంజకి ఆనుకుని కూర్చుని పలుపు తాడు పేనుకుంటున్నాడు. వదిన అన్న వైపు ఒకసారి చూసింది. అన్న తాడు వైపు చూశాడు. ఆమె నా వైపు చూడలేదు. చూస్తే ఏమయ్యేదో నాకు తెలీదు, అది తెలిసే చూడలేదనుకుంటాను. లెక్క తప్పేనేమో అంది. 

ఆషాఢంలో కొత్త కోడలు పుట్టింటికి వెళ్ళడం ఎలాగూ ఉంది కాబట్టి ఎవరూ పంపేశారని అనుకోలేదు. శ్రావణంలో తీసుకురావడానికి వెళ్ళాలి. ఎవరూ వెళ్ళలేదు. మా ఇంట్లో ఒక మనిషిని శిక్షించడానికి కేకలు, దెబ్బలు ఉండవు. పిలవడం మానేస్తారు. శ్రావణం పోయింది. వినాయకచవితి పోయింది. బుట్టలమ్మే మనిషి చేత వదిన వాళ్ళ నాన్న కబురు పంపాడు, పిల్లని ఎప్పుడు పిలుస్తారని. వానలు తగ్గాక చూద్దాంలే అని నాయనమ్మ చెప్పించింది. అప్పటికి ఆకాశంలో మబ్బు తునక లేదు.

వదినకి చదువు రాదు. నాకు వచ్చు. పెద్దబడిలో ఉత్తరం రాయడం కూడా నేర్పారు, చిరునామా ఎక్కడ రాయాలో, బిళ్ళ ఎక్కడ అంటించాలో. నేను హెడ్మాష్టరు గారికి సెలవు చీటీ రాశాను, లేని స్నేహితురాలికి దసరా శుభాకాంక్షలు రాశాను, పదికి తొమ్మిది మార్కులొచ్చాయి. వదినకి ఒక్క ముక్క రాయలేదు.

నా సంగతి ఎన్నాళ్ళు దాగుతుంది. దసరా ముందు అమ్మ కనిపెట్టింది. అదే మొదటిసారనుకుంది. తాటాకులేశారు, చిమ్మిలి ముద్దలు తినిపించారు, పేరంటం చేశారు. బడి మాన్పించే మాట వచ్చింది. కాని అప్పటికే మూడు నెలల పరీక్షల్లో నేను క్లాసు మొత్తానికి మొదటొచ్చాను, అయ్య ఆ ముక్క సంతలో కనపడ్డవాళ్ళందరికీ చెప్పేశాడు. చెప్పిన నోటితో మానిపించాడని ఎలా అనిపించుకుంటాడు. పదకొండు రోజులయ్యాక మళ్ళీ బడికి వెళ్ళాను. ఆరు నించి పది దాకా నేను చదివిన క్లాసులన్నీ అలా వచ్చినవే.

వదినని మాఘంలో పిలిచారు. ఎనిమిది నెలలు. ముఖం పీక్కుపోయింది. వాళ్ళ ఊళ్ళో జనం మాటలన్నీ ఆమె చెప్పకపోయినా తెలిసిపోయేవి. నా తలకి నూనె రాస్తూ పాఠాలేమిటని అడిగేది, నేను గబగబా చెప్పేదాన్ని, అవి తప్ప వేరే మాట రాకుండా.

చీర కొంగులో మళ్ళీ కొన్ని దుంపలు మూట కట్టుకొచ్చింది. రోహిణి ఆఖర్న, ఎవర్నీ అడక్కుండా, దొడ్లో మోకాలెత్తు బోదెలు చేసి పెట్టింది. నాయనమ్మకి అప్పటికి రెండో కన్ను కూడా దాదాపు పోయింది, ఏం చేసుకుంటావో చేసుకో అంది. వాన వచ్చేసరికి అవి వేరు తన్నాయి. నీరు బోదెల మధ్య నించి పారిపోయింది. భాద్రపదంలో కాడలు లేచి, పొద్దు వాలేసరికి దొడ్డంతా వాసనే.

నాయనమ్మని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాం. ఒక కాడ కింద నించి మీద దాకా మొగ్గ మొగ్గా తడిమింది. ఆమె కళ్ళంట నీళ్ళు కారాయి. వదిన చెయ్యి వెతుక్కుని పట్టుకుంది.

"ఈ పాలి శుద్దిగా ఉన్నావు తల్లీ," అంది.

ఆ మాటలో ప్రేమ తప్ప ఇంకేమీ లేదు. వదిన నావైపు చూసింది. నేను నీళ్ళ చెంబు పట్టుకుని ఉన్నాను.

"ఔను మామ్మా," అంది వదిన.

ఆ ఆదివారమే కాడలు కోసి అరసవల్లి తీసుకెళ్ళారు.

నాయనమ్మ పోయింది. అయ్య, అమ్మ పోయారు. వదిన పోయి రెండేళ్ళు. అన్నకి ఎనభై దగ్గర పడింది. కోవా పంచిన మర్నాడు బస్సెక్కి అన్న దగ్గరికి వెళ్ళాను. నా డిగ్రీ సంగతి విని ఎంత సంతోషించాడో చెప్పలేను. మనవల్ని పిలిచి, మీ మామ్మకి బి.ఏ. వచ్చింది, సూడండ్రా అన్నాడు. ఆ ఊపులో పాత కబుర్లన్నీ తోడాడు. మా చిన్నప్పటి ఎద్దులు, ఏరువాకలు, చివరికి ఆ కథ కూడా. మీ నాయనమ్మ, అంటే మా వదిన, కాపరానికొచ్చిన కొత్తలో లెక్క తప్పి మడిలో దిగి దుంపలన్నీ కుళ్ళబెట్టేసిందని, ముద్దుగా, నవ్వుతూ. ఆ కథ ఆయన ఏడాదికొకసారైనా చెప్తాడు. వదిన ఉండగా ఆమె ముందే చెప్పేవాడు. ఆమె కూడా నవ్వేది. పిల్లలు నవ్వారు.

వాళ్ళు ఆడుకోడానికి వెళ్ళాక చెప్పాను. "అన్నా, ఆ రోజు బయటున్నది వదిన కాదు. నాను."

 అన్న పిల్లలు వెళ్ళిన వీధి వైపు ముఖం తిప్పుకున్నాడు.

"దానికి తెల్సా?"

"తెల్సు. మడిలోనే సూసినాది."

"ఎనిమిది నెల్లు నాను తీసుకురానేదు," అన్నాడు. మళ్ళీ, "ఏబై ఏళ్ళ కాపరం. నాకెందుకు సెప్పనేదది?"

"ఆ రోజు అరుగు మీద అందరూ అడిగేరన్నా. నువ్వు అడగనేదు."

అనకుండా ఉండాల్సింది. ఆయన తల వంచుకున్నాడు, అంత పెద్దవాడు. బస్సెక్కి తిరిగి వస్తుంటే దారంతా ఆ మాటే. అన్నని అన్నాను గాని, అన్నకి తెలీదు, అందుకే అడగలేదు. నాకు తెలుసు. చెప్పడానికి నన్ను ఎవరూ అడగక్కర్లేదు.